డీబగ్గరు బొత్తములు – చిఱుటిప్పణములు : ఒక చారిత్రక పరిశీలనము

సూత్రమునకు వృత్తి, కావ్యమునకు వ్యాఖ్య, కఠినపదమునకు టిప్పణము – ఇట్లు మూలమును అంటిపెట్టుకొని దానిని బోధపఱచు రచనలు మన పరిశోధకులకు చిరపరిచితములు. ఈ జాతిలో మిక్కిలి చిన్నదియు, మిక్కిలి ఆధునికమైనదియు అగు రచన యొకటి కంప్యూటరు తెరపై నిత్యము కనిపించుచున్నది. ఒక బొత్తముమీద మౌసు బాణమును నిలిపినచో, దాని ప్రక్కన చిన్న పెట్టె తెఱచుకొని ఆ బొత్తము చేయు పనిని రెండు మూడు మాటలలో తెలుపును. దీనిని ఆంగ్లమున టూల్‌టిప్ అందురు. ఈ వ్యాసమున మేము దానిని చిఱుటిప్పణమని వ్యవహరింతుము.

చిఱుటిప్పణములన్నింటిని గూర్చి చర్చించుట మా ఉద్దేశము కాదు. డీబగ్గరు అను ఒక సాధనమునందలి బొత్తములకే మా పరిశీలనమును పరిమితము చేసికొంటిమి. ప్రోగ్రాములో దోషమున్నపుడు, దానిని నడుచుచుండగనే ఆపి, ఒక్కొక్క పంక్తిగా నడిపించి, ఏ చోట ఏ విలువ మాఱినదో చూపు సాధనము డీబగ్గరు. దీనిని ప్రత్యేకించి ఎన్నుకొనుటకు కారణము కలదు. ముద్రణకు సంబంధించిన బొత్తమును పొరపాటున నొక్కినవాడు ఒక కాగితమును పోగొట్టుకొనును. డీబగ్గరులో ఒక బొత్తమునకు బదులు మఱియొకదానిని నొక్కినవాడు, గంటలకొలది శ్రమించి పట్టుకొనిన దోషస్థితినే పోగొట్టుకొనును. ప్రోగ్రాము ఆ చోటు దాటి ముందునకు పోవును. పనిని మరల మొదటినుండి ప్రారంభింపవలసివచ్చును. ఆ బొత్తముల పేరులు పరస్పరము పోలియుండును; వానిపై చిత్రించిన బాణములు ఇంచుమించుగ ఒకటియే; ఫలితములు మాత్రము మిక్కిలి భిన్నములు.

ఈ పేరులు ఎట్లు ఏర్పడినవి? ఇవి సందేహమును ఏల కలిగించుచున్నవి? ఆ సందేహమును తీర్పవలసిన చిఱుటిప్పణము తన విధిని ఎంతవఱకు నిర్వర్తించుచున్నది? ఇవి మా ప్రశ్నలు. చరిత్రను పరిశీలించిన పిమ్మట మాకు తోచినది ఇది: బొత్తము పేరు పూర్వచరిత్రచే నిర్ణీతమైనది, అలవాటుపడిన వారందఱు దానిని పట్టుకొనియుందురు గనుక మార్చుట కష్టము. కావున పేరు చెప్పజాలనిదానిని చెప్పుటయే టిప్పణము పని. పేరునే మరల చెప్పు టిప్పణము టిప్పణము కాదు.

1. మీటల కాలము

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున మారిస్ విల్క్స్ నాయకత్వముతో నిర్మింపబడిన ఎడ్సాక్ యంత్రము 1949 మే 6వ తేదీన మొదటిసారి ప్రోగ్రామును నడిపెను. తన శేషజీవితములో చాలభాగము తన ప్రోగ్రాములలోని తప్పులను వెదకుటకే వ్యయమగునని తనకు ఆ దినములలోనే స్ఫురించినట్లు విల్క్స్ 1985లో ప్రకటించిన స్మృతిగ్రంథమున వ్రాసెను. దోషశోధనము ప్రోగ్రాము రచనకు అనుబంధము కాదనియు, అందొక ప్రధానభాగమనియు గుర్తించిన తొలివారిలో ఆయన యొకడు.

ఎడ్సాక్ నియంత్రణఫలకముమీద ఉండిన మీటలు కొలదియే. ప్రారంభించునది, ఆపునది మొదలగువానితోపాటు, యంత్రమును ఒక్కొక్క ఆదేశము చొప్పున నడిపించు మీట యొకటి ఉండెను. దానిపేరు సింగిల్ ఈ.పీ. ఈ పేరు పరులకు బోధపడదు. అయినను దానికి వివరణము వ్రాయవలసిన అవసరము ఎవరికిని తోచలేదు. ఏలయనగా మీటను నొక్కువారు, యంత్రమును నిర్మించినవారు, ప్రోగ్రాములను వ్రాసినవారు ఒకే భవనమున తిరుగాడెడివారు. సందేహము కలిగినచో ప్రక్కవానిని అడిగిన చాలును. గురువు ఎదుట ఉన్నంతకాలము సూత్రమునకు వృత్తి అక్కఱలేదు.

ఎడ్సాక్ ఆదేశములును ఏకాక్షరములే. కూడుటకు ఏ, తీసివేయుటకు ఎస్, యంత్రమును ఆపి గంట మ్రోగించుటకు జడ్ అను అక్షరములు నియమితములు. స్టాన్లీ గిల్ 1951లో లండను రాయల్ సొసైటీ పత్రికయందు ఎడ్సాక్ ప్రోగ్రాములలోని తప్పులను నిర్ణయించు విధానమును గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. యంత్రమును ఒక్కొక్క అడుగుగా నడిపించుచు మనుష్యుడు ప్రక్కన నిలిచి చూచుట యంత్రకాలమును వృథా చేయునని ఆనాటివారి భావము. దానికి బదులుగా, ప్రోగ్రాము నడుచుచుండగా నిర్వహింపబడిన ఆదేశముల అక్షరములను వరుసగా అచ్చొత్తు పరీక్షకప్రోగ్రామును గిల్ వర్ణించెను. యంత్రము నడచిన జాడను తీరికగా కాగితముపై చదువుకొనవచ్చును. నేటి డీబగ్గరుకు మూలపురుషుడు ఈ పరీక్షకప్రోగ్రామే అనవచ్చును.

మా విషయమునకు ముఖ్యమగు మఱియొక పరిణామముకూడ అక్కడనే జరిగెను. పలుచోట్ల ఉపయోగపడు ఆదేశసముదాయమును ఒకచోట వ్రాసియుంచి, కావలసినపుడెల్ల పిలిచి, పని ముగిసిన పిమ్మట పిలిచిన చోటికి తిరిగివచ్చు పద్ధతిని డేవిడ్ వీలర్ ఎడ్సాక్‌పై నెలకొల్పెను. దీనిని సబ్‌రొటీను అందురు. నేటి వ్యవహారమున ఫంక్షను. విల్క్స్, వీలర్, గిల్ మువ్వురును కలసి 1951లో ప్రకటించిన గ్రంథము ఈ సబ్‌రొటీనుల సంపుటినే ప్రధానముగ వివరించినది. సబ్‌రొటీను లేనపుడు ఒక అడుగు అనగా ఒక ఆదేశము. అందు సందేహమునకు తావులేదు. సబ్‌రొటీను వచ్చిన తోడనే ‘ఒక అడుగు’ అను మాటకు రెండర్థములు ఏర్పడినవి. పిలువబడినదాని లోనికి పోయి, అందలి మొదటి ఆదేశముకడ ఆగుట ఒక అడుగా? లేక పిలిచినపని యంతయు ముగిసి తిరిగివచ్చుట ఒక అడుగా? తరువాతి 40 సంవత్సరముల పేరుల గందరగోళమునకు బీజము ఈ ద్వైధమునందే కలదు.

2. అక్షరముల కాలము

అమెరికాలోని మాసచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు టీఎక్స్-0 అను యంత్రముపై ఫ్లిట్ అను దోషశోధక ప్రోగ్రాము వెలసినది. ఫ్లిట్ ఆనాడు ప్రసిద్ధమైన కీటకనాశినిపేరు. కంప్యూటరు దోషమును బగ్గు, అనగా పురుగు అని పిలుచుటచే ఈ చమత్కారము పుట్టినది. 1961లో అదే సంస్థకు చేరిన పీడీపీ-1 యంత్రమునకు వ్రాసిన శోధకమునకు డీడీటీ అని పేరుపెట్టుటయు ఆ చమత్కారమునకు కొనసాగింపే.

డీడీటీ సంప్రదాయమున వాడువాడు టైపుయంత్రమువంటి పలకముందు కూర్చుండి ఒక్కొక్క అక్షరమును కొట్టును. జీ అనిన నడువుమని. బీ అనిన ఇచ్చట ఆగుమని. పీ అనిన ఆగినచోటినుండి మరల సాగుమని అర్థము. ఈ పీ ‘ప్రొసీడ్’ అను ఆంగ్లక్రియకు తొలి అక్షరము. ఈ విషయమును గుర్తుంచుకొనుడని పాఠకులను కోరుచున్నాము. అక్షరమునకు అర్థమేమో తెరమీద ఉండదు. అర్థము ముద్రితపత్రమునందును, వాడువాని జ్ఞాపకమునందును ఉండెను. ఇది కంఠస్థవిద్యాకాలమువంటిది. నేర్చినవానికి వేగము, నేర్వనివానికి నిరోధము.

3. పదముల కాలము

తరువాతి దశలో అక్షరములకు బదులు సంపూర్ణపదములు ప్రవేశించినవి. పదము అక్షరముకంటె స్పష్టమని ఎవరైనను తలంతురు. కాని వేర్వేఱు స్థలములలో వేర్వేఱు వ్యక్తులు ఒకే పదమును వేర్వేఱు పనులకు పెట్టుటచే, అక్షరములనాడు లేని క్రొత్తచిక్కు పుట్టినది.

బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున మార్క్ లింటన్ 1980ల తొలినాళ్లలో డీబీఎక్స్ అను శోధకమును వ్రాసెను. అందు ‘స్టెప్’ అను ఆజ్ఞ ఫంక్షను లోనికి పోవును. ‘నెక్స్ట్’ అను ఆజ్ఞ లోనికి పోక, పిలుపునంతయు ఒక పంక్తిగా నెంచి, తరువాతి పంక్తికడ ఆగును. 1986లో రిచర్డ్ స్టాల్మన్ వ్రాసిన జీడీబీ ఈ రెండు పదములను అట్లే గ్రహించి, ఉన్న ఫంక్షనును ముగించి వెలుపలికి వచ్చుటకు ‘ఫినిష్’ అను మూడవ పదమును వాడినది.

ఇంచుమించుగ ఆ కాలముననే జిరాక్సు సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయమున స్మాల్‌టాక్-80 రూపొందినది. దాని డీబగ్గరులో ‘స్టెప్’, ‘సెండ్’ అను రెండు పదములు కలవు. ఇచట ‘సెండ్’ లోనికి పోవునది. ‘స్టెప్’ లోనికి పోనిది. అనగా బర్కిలీవారి ‘స్టెప్’కును, జిరాక్సువారి ‘స్టెప్’కును అర్థము సరిగా విరుద్ధము! అట్లే ఎమ్మెస్-డాస్‌లోని డీబగ్ అను సాధనమున టీ అనిన ‘ట్రేస్’, అది లోనికి పోవును; పీ అనిన ‘ప్రొసీడ్’, అది పిలిచినపనిని ముగించి తరువాతి ఆదేశముకడ ఆగును. డీడీటీలో ఆగక సాగుటకు గుర్తైన ‘ప్రొసీడ్’ ఇచట ఒక్క అడుగు వేసి ఆగుటకు గుర్తయినది. మైక్రోసాఫ్టువారి కోడ్‌వ్యూలో ఎఫ్8 మీట ‘ట్రేస్’, ఎఫ్10 మీట ‘స్టెప్’. ఇచటను ‘స్టెప్’ లోనికి పోనిదే.

ఈ వైరుధ్యములకు కారణము అజాగ్రత్త కాదని మా అభిప్రాయము. ప్రతి కర్తయు ‘అడుగు’ అనగా దేనిని కొలమానముగ తీసికొనెనో ఆలోచింపవలెను. ఆదేశమే కొలమానమైనవానికి లోనికి పోవుటయే సహజమైన అడుగు. స్మాల్‌టాక్‌లో సమస్తకార్యమును ఒక వస్తువు మఱియొక వస్తువునకు పంపు సందేశమే. కావున ఒక సందేశమునకు సమాధానము వచ్చుట సహజమైన అడుగు, ఆ సందేశము వెంట తానును పోవుట ‘పంపుట’. ప్రతిపదమును తన లోకమున న్యాయమైనదే. చిక్కంతయు ఒక లోకమునందు నేర్చినవాడు వేఱొక లోకమున అడుగుపెట్టినపుడు.

1988లో బోర్లాండు సంస్థవారి టర్బో పాస్కల్ 5.0లో డీబగ్గరు రచనాసాధనమునందే అంతర్భాగమైనది. అందు ఎఫ్7 ‘ట్రేస్ ఇంటూ’, ఎఫ్8 ‘స్టెప్ ఓవర్’. క్రియకు ప్రక్కన దిక్కును తెలుపు పదమును చేర్చుట గొప్ప మేలు చేసినది. క్రియ ఏదైనను, ‘ఇంటూ’, ‘ఓవర్’ అను పదములు రెండుపనులను వేఱుచేసినవి. క్రమముగ ‘స్టెప్ ఇంటూ’, ‘స్టెప్ ఓవర్’, ‘స్టెప్ అవుట్’ అను త్రయము పెక్కుసాధనములలో స్థిరపడినది. మీటల విషయమున మాత్రము ఐకమత్యము నేటికిని లేదు. ఎఫ్8 మీట కోడ్‌వ్యూలోను విజువల్ బేసిక్‌లోను లోనికి పోవునది; టర్బో పాస్కల్‌లోను, ఆ సంప్రదాయము ననుసరించు ఇంటెల్లిజేలోను లోనికి పోనిది; క్రోమ్ బ్రౌజరులో ఆగిన ప్రోగ్రామును విడిచిపెట్టునది. ఈ మూడవదానిని పొరపాటున నొక్కినచో పరిశీలించుచున్న స్థితి కనుమఱుగగును.

4. ‘ఓవర్’ అను పదము

స్థిరపడిన త్రయములో మిక్కిలి చిక్కైనది ‘స్టెప్ ఓవర్’. ఇందలి ‘ఓవర్’ అను పదమునకు ఆంగ్లమున, ఒక వస్తువును తాకక పైనుండి దాటుట అను అర్థము ప్రసిద్ధము. గుంటను దాటినవాడు గుంటలో దిగలేదు. అట్లే ఫంక్షనును దాటినచో అది నడువనేలేదని తొలుత నేర్చుకొనువాడు భావించుట సహజము. సత్యము దీనికి విరుద్ధము. ఆ ఫంక్షను సంపూర్ణముగ నడుచును. అది ఫైలును చెఱిపివేయునదైనచో ఫైలు చెఱిగిపోవును. డబ్బును బదిలీచేయునదైనచో బదిలీ జరుగును. దాటునది ప్రోగ్రాము కాదు, చూచువాని దృష్టి. పైగా ఆ ఫంక్షనులో ఎచటనైన ఆగుమని పూర్వమే బ్రేక్‌పాయింటు గుర్తు పెట్టియుండినచో, ‘దాటవలసిన’ డీబగ్గరు దాటక అచటనే ఆగును. పేరు ఈ రెండు విషయములలో ఒకదానినైనను తెలుపదు.

జీడీబీ కర్తలు ‘నెక్స్ట్’ ఆజ్ఞకు వ్రాసిన సహాయవాక్యము ఇట్టి సందర్భమున ఆదర్శప్రాయము. పిలుపు ఎంత పెద్దదైనను దానిని ఒకే పంక్తిగా నెంచుదుమని దాని తాత్పర్యము. ‘ఒకటిగా నెంచుట’ అను వాస్తవమును అది చెప్పినది. ఆజ్ఞను కొట్టువాడు సహాయమును అడిగిననే ఆ వాక్యము కనిపించును, అడుగనివానికి కనిపింపదు. అడుగకయే కనిపించు వాక్యము కావలెనన్నచో చిఱుటిప్పణము పుట్టవలసియుండెను.

5. చిఱుటిప్పణము పుట్టుక

1991 మే 13న ఆపిల్ సంస్థవారు విడుదలచేసిన సిస్టమ్ 7లో బెలూన్ హెల్ప్ అను ఏర్పాటు ప్రవేశించినది. తెరపై ఏ వస్తువును చూపినను, చిత్రకథలలో పాత్రల మాటలను చుట్టియుండు బుడగవంటి ఆకృతిలో వివరణము కనిపించును. ఇందొక విశేషము కలదు. ఒక మెనూ అంశము పనిచేయు స్థితిలో ఉన్నపుడు ఒక వాక్యమును, పనిచేయని స్థితిలో మసకగా ఉన్నపుడు వేఱొక వాక్యమును చూపుటకు అవకాశము కల్పింపబడినది. ఇది ఏమి చేయును అను ప్రశ్నకే కాక, ఇది ఇప్పుడేల పనిచేయుటలేదు అను ప్రశ్నకును సమాధానము చెప్పవచ్చునన్నమాట. ఐతే ఈ ఏర్పాటును ఆరంభించిన పిదప, బాణము సోకిన ప్రతిచోట బుడగ లేచుచుండుటచే వాడువారు విసిగి దానిని ఆపివేసెడివారు. అధికవ్యాఖ్య మూలమును కప్పివేయుట మనకు క్రొత్త కాదు.

1995 ఆగస్టు 24న వెలువడిన విండోస్ 95 చిఱుటిప్పణమును సర్వసాధారణమైన అంగముగ చేసినది. విసుగు కలుగకుండుటకు అందు కాలనియమము ఏర్పఱుపబడినది. మౌసును రెండుమాఱులు వెంటవెంటనే నొక్కుటకు అనుమతింపబడిన వ్యవధి సామాన్యముగ అరసెకను. బాణము అంతసేపు నిశ్చలముగ నిలిచిననే టిప్పణము తెఱచుకొనును. ఆ వ్యవధికి 10 రెట్లు, అనగా 5 సెకనులు నిలిచి మాయమగును. ప్రక్కబొత్తముమీదికి జరిగినచో ఆ వ్యవధిలో 5వ వంతుకే తరువాతిది కనిపించును. స్థలనియమముకూడ కలదు. ప్రోగ్రాము టిప్పణపాఠమును అందించు నిర్మాణములో అంతర్గతముగ 80 స్థానములు మాత్రమే కేటాయింపబడినవి. అందు చివరిది పాఠము ముగిసినదని తెలుపు గుర్తునకు పోవును. అంతకు మించిన పాఠమునకు వేఱొక మార్గము ఉన్నను, 79 స్థానములలో 5 సెకనులలో చదువదగినది అను పరిమాణము ఈ రచనాప్రక్రియకు ఛందస్సువలె ఏర్పడినది.

1997 డిసెంబరులో వెలువడిన హెచ్‌టీఎమ్‌ఎల్ 4.0 ప్రమాణము టైటిల్ అను గుణము ద్వారా వెబ్‌పుటలలోని అంశములకును ఇట్టి టిప్పణమునకు దారిచూపినది. 2018 జూనులోని వెబ్ ప్రాప్యతా మార్గదర్శకముల 2.1వ ప్రతి, ఇట్లు పైకి వచ్చు పాఠమును చదువరి తన ఇచ్ఛతో తొలగింపగలుగవలెననియు, దానిమీదికి బాణమును తీసికొనిపోయినను అది మాయము కారాదనియు, చదువరి విడుచువఱకు నిలిచియుండవలెననియు విధించినది. కన్ను మందగించినవారికి, నెమ్మదిగ చదువువారికి 5 సెకనుల నియమము అన్యాయమని దీని తాత్పర్యము.

6. నేటి టిప్పణముల పరీక్ష

వ్యాఖ్యాతల విధిని గూర్చి మన ప్రాంతమువాడే ఒక గొప్ప నియమమును చెప్పియున్నాడు. మెదకుసీమలోని కొల్చారమునకు చెందినవాడని ప్రసిద్ధిగల మల్లినాథసూరి, మూలమున లేనిదానిని వ్రాయననియు, అపేక్షింపబడనిదానిని చెప్పననియు తన వ్యాఖ్యారంభమున ప్రతిజ్ఞచేసెను. మొదటిది సత్యమునకు, రెండవది మితమునకు సంబంధించినది. ఈ నియమమునకు మఱొక ముఖము కలదు: అపేక్షింపబడినదానిని చెప్పకుండుటయు దోషమే. ఈ తూనికతో నేటి టిప్పణములను తూచి చూతము.

2015లో వెలువడి మిక్కిలి వ్యాప్తినొందిన విజువల్ స్టూడియో కోడ్ సాధనమున, చుక్కమీదుగ వంగిన బాణపు బొత్తముకడ కనిపించునది ‘స్టెప్ ఓవర్’ అను పేరును, ఎఫ్10 అను మీటయు మాత్రమే. బొత్తముమీద అక్షరములు లేవు గనుక పేరును చెప్పుట అవసరమే. మీటను చెప్పుట అభ్యాసికి ఉపకారమే. కాని పేరు తెలిసియు అర్థము తెలియనివానికి ఇది ఏమియు చెప్పదు. క్రోమ్ బ్రౌజరు ‘తరువాతి ఫంక్షను పిలుపును దాటుము’ అను అర్థమునిచ్చు ఆంగ్లవాక్యమును చూపుచు వచ్చినది. ఇది ఒక మెట్టు పైది. దేనిని దాటునో కర్మపదము తెలిపినది. అయినను దాటబడినది నడచునా నడువదా అను అసలు సందేహము తీఱలేదు.

ప్రోగ్రామును ముగించు బొత్తములకడ ఈ లోపము మఱింత ప్రమాదకరము. ఎక్లిప్స్ సాధనమున ‘టెర్మినేట్’, ‘డిస్కనెక్ట్’ అని రెండు బొత్తములు కలవు. మొదటిది ప్రోగ్రామునే చంపును. రెండవది డీబగ్గరును మాత్రము విడదీయును, ప్రోగ్రాము నడుచుచునే ఉండును. పరిశీలింపబడునది తన బల్లమీది అభ్యాసప్రోగ్రామైనచో భేదము స్వల్పము. ఇతరులు వాడుకొనుచున్న సర్వరునకు డీబగ్గరును తగిలించినపుడు ఈ రెంటి నడుమ భేదము అందఱి పనియు నిలిచిపోవుటకు, సాగుటకు మధ్యగల భేదము. అట్లే ఎక్లిప్స్‌లోని ‘డ్రాప్ టు ఫ్రేమ్’ అను బొత్తము ఫంక్షను ఆరంభమునకు మరల తీసికొనిపోవును. వెనుకకు పోయితిమి గనుక జరిగినదంతయు రద్దైనదని చదువరి తలచును. కాని వ్రాసిన ఫైలు వ్రాసినట్లే ఉండును. ఫంక్షను వెలుపల మాఱిన విలువలు మాఱినట్లే ఉండును. 2009లో జీడీబీ 7.0 నిజముగ వెనుకకు నడుచు శక్తిని కొంతవఱకు సంపాదించినది గనుక, ‘వెనుకకు’ అను మాటకు రెండర్థములు ఏర్పడి, టిప్పణముయొక్క బాధ్యత హెచ్చినది.

దీనినిబట్టి డీబగ్గరు బొత్తముకడ చదువరి అపేక్షించు విషయములు మూడని తేలుచున్నది. నొక్కినచో ఏది నడుచును? నడచి ఎచట ఆగును? మరల పొందరానిది ఏదైన పోవునా? మొదటి రెండును అడుగుల బొత్తములకు, మూడవది ముగింపు, పునరారంభ బొత్తములకు ముఖ్యములు. ఈ మూటికి సమాధానము చెప్పు వాక్యము చిన్నదైనను సంపూర్ణము.

7. తెలుగున ఈ రచన

ఈ చర్చ మనకు దూరము కాదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు తెలుగున లభించుచున్నది. గ్నోమ్, కేడీఈ మొదలగు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు సముదాయములను స్వచ్ఛందసేవకులు తెలుగు చేసియున్నారు. తెలుగు మాధ్యమమున చదివి ప్రోగ్రాము రచనకు వచ్చు విద్యార్థి ‘స్టెప్ ఓవర్’ అను ఆంగ్లరూపకమునకు అర్థమును ఆంగ్లమునుండి ఊహింపజాలడు. దానిని ‘పైగా అడుగువేయి’ అని మార్చి ఇచ్చినచో అసలే ఊహింపజాలడు. ‘దాటు’ అనిన ఆంగ్లపు భ్రాంతి తెలుగునకును సంక్రమించును. కావున పేరును ఆంగ్లముననే నిలిపినను, తెలుగున పెట్టినను, భారము టిప్పణముమీదనే పడుచున్నది.

తెలుగువాక్యనిర్మాణము ఇచట రెండు విశేషములను కల్పించును. ఆంగ్లమున క్రియ మొదట వచ్చును. తెలుగున చివర వచ్చును. పెట్టె ఇఱుకై వాక్యము కుడివైపున తెగినచో ఆంగ్లవాక్యము కర్మను కోల్పోవును, తెలుగువాక్యము క్రియను కోల్పోవును. అంతేకాక తెలుగున నిషేధము క్రియాంతమున ఉండును: ‘లోనికి పోవును’, ‘లోనికి పోదు’ అను రెంటికి భేదము తుదియందే కలదు. ఆ తుది తెగినచో విరుద్ధార్థములు రెండును ఒకటియే యగును. కనుక తెలుగుటిప్పణమున నిషేధవాక్యమును మాని విధివాక్యమునే వ్రాయుట శ్రేయస్కరము.

రెండవది స్థలమునకు సంబంధించినది. యూనికోడ్ సంకేతవిధానమున తెలుగులిపికి 1991లోని తొలిప్రతినుండియు స్థానము కలదు. ఐతే అందు గుణింతపు గుర్తు, పొల్లు, వ్యంజనము ఒక్కొక్కటి వేర్వేఱు స్థానములు. ‘స్త్రీ’ అనునది చూపునకు ఒక అక్షరము. లెక్కకు 6 స్థానములు. కావున 79 స్థానములలో ఆంగ్లమున పట్టునన్ని పదములు తెలుగున పట్టుట కష్టము. అయినను అసాధ్యము కాదు. ‘స్టెప్ ఓవర్’ బొత్తమునకు మేమిట్లు వ్రాయుదుము:

ఈ పంక్తిని, అది పిలుచు ఫంక్షన్లతో సహా, పూర్తిగా నడిపి తరువాతి పంక్తివద్ద ఆగును.

ఇది పూర్ణవిరామముతో సరిగా 79 స్థానములు. ఏది నడుచునో, ఎచట ఆగునో రెండును ఇందు కలవు. ‘దాటు’ అను రూపకము లేదు. ‘స్టెప్ ఇంటూ’ బొత్తమునకు: ఈ పంక్తి పిలుచు ఫంక్షను లోనికి పోయి దాని మొదటి పంక్తివద్ద ఆగును. ‘స్టెప్ అవుట్’ బొత్తమునకు: ఈ ఫంక్షనును ముగించి, పిలిచిన చోటికి తిరిగివచ్చి ఆగును. మూడును ‘ఆగును’ అనియే ముగియుటచే చదువరి చూపు ఆగుచోటిమీదనే నిలుచును. తుదిపదము తెగినను నష్టము లేదు. ఫంక్షనులోని బ్రేక్‌పాయింటుకడ ముందే ఆగుట వంటి విశేషములను విపులసహాయపుటకు విడువవచ్చును. 79 స్థానములలో ముఖ్యము అముఖ్యమునకు చోటీయరాదు. ముగింపు బొత్తములకు మాత్రము ఫలితమునే చెప్పవలెను: ‘ప్రోగ్రామును ముగించును’ అని ఒకదానికి, ‘ప్రోగ్రామును నడువనిచ్చి డీబగ్గరు తొలగును’ అని మఱొకదానికి.

వేలితో తాకి పనిచేయు తెరలపై బాణము నిలుపుట అను క్రియయే లేదు. అచట చిఱుటిప్పణము సులభముగ కనిపింపదు. కావున టిప్పణమున్నదను ధైర్యముతో బొత్తముపేరును చీకటిలో ఉంచుటయు తగదు.

ఎడ్సాక్ మీటనుండి నేటి బాణపుగుర్తువఱకు జరిగిన ఈ చరిత్ర ఒక్క విషయమును స్పష్టపఱచుచున్నది. సాధనమును నిర్మించినవానికిని, వాడువానికిని దూరము పెరిగినకొలది, ఆ దూరమును పూరింపవలసినది వాక్యము. మొదట ఆ దూరము ఒక గదిలోనిది. నేడది దేశములకును భాషలకును నడుమనున్నది. ఆ వాక్యమును వ్రాయుట యంత్రశాస్త్రజ్ఞుల అనుబంధకార్యముగ ఎంచబడుచున్నది. కాని మితము, అసందిగ్ధత, క్రియాస్థానము, నిషేధరూపము అనునవి మన శాస్త్రమునకు చెందిన విషయములు. వ్యాఖ్యానసంప్రదాయమున శిక్షణపొందిన మన పరిశోధకవిద్యార్థులు ఒకరిద్దఱైనను తెలుగు సాఫ్ట్‌వేరులోని ఈ చిన్నవాక్యములను సేకరించి పరీక్షింతురుగాక.